ఘాతాంకం కిందికి జారితే ప్రధాన సంఖ్య మిగలదు

సంపాదకుడు గారికి,

అతిపెద్ద ప్రధాన సంఖ్య దొరికిందన్న వార్త కొన్నేళ్ళకోసారి వస్తుంటుంది. వచ్చిన ప్రతిసారీ తెలుగు పత్రికల్లోనూ, వాటి నుంచి వాట్సాప్‌లోకి ఎక్కే క్లిప్పింగుల్లోనూ ఒకే తప్పు దొర్లుతోంది. 2024 అక్టోబర్ 21న ప్రకటించిన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. అంటే 13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన లబ్ధంలోంచి ఒకటి తీసేయాలి. పేజీ కట్టేటప్పుడు ఫాంటు మారి ఘాతాంకం కిందికి జారిందంటే అది 2136279841 − 1 అయి కూర్చుంటుంది. పది అంకెలు, ఫోన్ నంబరంత. తీసివేత చేస్తే 2136279840. చివర సున్నా ఉంది కదా, ప్రధాన సంఖ్య కావడం మాట దేవుడెరుగు, అది పదితో పోతుంది. పైగా 1772లోనే ఆయిలర్ ప్రధాన సంఖ్య అని నిరూపించిన 2147483647 (ఇది 2³¹ − 1) దీనికంటే పెద్దది. ‘ప్రపంచంలోనే అతిపెద్దది’ అన్న శీర్షిక కింద రెండున్నర శతాబ్దాల నాటి సంఖ్య కంటే చిన్నదాన్ని, అదీ సరి సంఖ్యను అచ్చు వేస్తున్నామన్నమాట.

డిసెంబర్ 22 గణిత దినోత్సవానికి వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు బడుల్లో పిల్లలు చార్టులు రాసేటప్పుడు చూసుకునేది ఇలాంటి క్లిప్పింగులనే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా పూర్తిగా వేయమని కోరుతున్నాను. ఘాతాంకాన్ని దాని చోట ఉంచితే చాలు, పదో తరగతి పిల్లలు పెన్సిలు పట్టుకుని ఆ వార్తలో సగం తామే సరిచూసుకోగలరు.

మొదట అంకెల సంఖ్య. పదో తరగతి మొదటి పాఠం వాస్తవ సంఖ్యల్లోనే సంవర్గమానాలున్నాయి. 2కి సంవర్గమానం 0.30103 అని బడిలో చెబుతాం. దాన్ని ఘాతాంకంతో గుణించి, పూర్ణాంక భాగానికి ఒకటి కలిపితే ఎన్ని అంకెలో తేలాలి. గుణించి చూడండి: 41024320.54 వస్తుంది, ఒకటి కలిపితే 4,10,24,321 అంకెలు. ప్రకటనలో మాత్రం 4,10,24,320 అని ఉంది. తప్పు ప్రకటనది కాదు, 0.30103ది. అసలు విలువ 0.30102999566. తేడా దశాంశం తర్వాత తొమ్మిదో స్థానంలో ఉంది. మామూలు లెక్కల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ 13 కోట్లతో గుణించాక అదే 0.59 అవుతుంది. సరైన విలువతో చేస్తే 41024319.945, ఒకటి కలిపితే 4,10,24,320. ఇంకో సంగతి: ఆ మిగిలిన 0.945కి ప్రతిసంవర్గమానం తీస్తే 8.8 చిల్లర. అంటే సంఖ్య 88తో మొదలవ్వాలి. నిజంగానే 881694తో మొదలవుతుంది. ఘాతాంకం పెద్దదయ్యే కొద్దీ సంవర్గమానంలో ఎక్కువ దశాంశ స్థానాలు ఎందుకు కావాలో పిల్లలకు చూపించడానికి ఇంతకు మించిన లెక్క నాకు తెలియదు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ‘4.1 కోట్ల అంకెల సంఖ్య’ అనాల్సిన చోట ‘4.1 కోట్ల సంఖ్య’ అని రాసేస్తారు. 4.1 కోట్లు ఎనిమిదంకెల సంఖ్య. ఇది 4.1 కోట్ల అంకెలున్న సంఖ్య. పేజీకి ఐదు వేల అంకెలు పట్టించినా 8,205 పేజీలు కావాలి.

ఇక చివరి అంకెలు. మొదటి అంకెల కంటే ఇవి తేలిక, సంవర్గమానం కూడా అక్కర్లేదు. రెండు ఘాతాల చివరి మూడంకెలు (మొదటి రెండు మూడు ఘాతాలు వదిలేస్తే) నూరు మెట్లకోసారి తిరిగి వస్తాయి. కాబట్టి 136279841 బదులు చివరనున్న 41 తీసుకుంటే సరిపోతుంది. 2¹⁰ = 1024, చివర 024. దాని వర్గం చివర 576, అది 2²⁰. 576 వర్గం 331776, అంటే 2⁴⁰ చివర 776. రెట్టింపు చేస్తే 1552, చివర 552. ఒకటి తీసేస్తే 551. ప్రకటించిన సంఖ్య సరిగ్గా 551తోనే ముగుస్తుంది. నాలుగు కోట్ల పైచిలుకు అంకెలున్న సంఖ్యకు రెండు కొసలూ కాగితం మీద దొరికాయి. మధ్యలోదే అసలు కష్టం.

ఘాతాంకంగా ప్రధాన సంఖ్యనే ఎందుకు తీసుకుంటారన్నది పిల్లలు తప్పకుండా అడుగుతారు. చదరంగం గళ్ళలో గింజల కథ తెలియని వాళ్ళుండరు: మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, అలా రెట్టిస్తూ పోతే 64 గళ్ళలో మొత్తం 2⁶⁴ − 1 గింజలు, అంటే 18446744073709551615. చివర 5 ఉంది, ఐదుతో పోయింది. మూడుతోనూ పోతుంది. 64 విడిపోయే సంఖ్య కావడమే కారణం. ఘాతాంకం 2తో భాగింపబడితే మొత్తం సంఖ్య 2² − 1తో, 4తో భాగింపబడితే 2⁴ − 1తో భాగింపబడుతుంది. గుణశ్రేఢి మొత్తం రాసుకుంటే నిరూపణ రెండు వరుసలు. కనుక ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఫలితమూ సంయుక్తమే.

దీన్ని తిరగేసి చదవడమే అన్నిటికంటే పెద్ద అపోహ. ఘాతాంకం ప్రధానమైతే ఫలితం ప్రధానం కావాలని ఏమీ లేదు. 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఫ్రాన్సు సన్యాసి మెర్సెన్ 1644లో 257 వరకు ఏ ఘాతాంకాలకు ప్రధాన సంఖ్య వస్తుందో జాబితా ఇచ్చాడు. ఆయన పేరే ఈ సంఖ్యలకు పెట్టారు. ఆ జాబితాలో 67, 257 ఉన్నాయి, అవి తప్పు. 61, 89, 107 ఉండాలి, లేవు. 2⁶⁷ − 1 విడిపోతుందని ఫ్రాన్సు గణితవేత్త లూకాస్ 1876లో తేల్చాడు, కానీ కారణాంకాలు చెప్పలేకపోయాడు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ వాటిని పట్టుకున్నాడు: 193707721 × 761838257287.

అంత పెద్ద కారణాంకాన్ని గుడ్డిగా వెతకలేదు. 2ని ఒక ప్రధాన సంఖ్యకు ఎత్తి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యకు ప్రతి ప్రధాన కారణాంకమూ రెండు షరతులకు లోబడాలి (ఘాతాంకం 2 తప్ప). ఒకటి, దాంట్లోంచి 1 తీసేస్తే మిగిలింది ఘాతాంకానికి రెట్టింపుతో నిశ్శేషంగా పోవాలి. రెండు, 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. 23లోంచి ఒకటి తీస్తే 22, 89లోంచి తీస్తే 88, రెండూ 22తో పోతాయి. 8తో శేషాలు 7, 1. కోల్ సంఖ్య చూడండి: 193707720ని 134తో భాగిస్తే సరిగ్గా 1445580.

ఇప్పుడు మన పెద్ద సంఖ్యకు ఇదే లెక్క పెడదాం. ఘాతాంకానికి రెట్టింపు 272559682. మొదటి అభ్యర్థి 272559683. చివరి మూడంకెలు 683ని 8తో భాగిస్తే శేషం 3, కొట్టేయండి. రెండోది 545119365. చివర 5, కొట్టేయండి. మూడోది 817679047. 8తో శేషం 7, ఇది నిలిచింది, దీన్ని నిజంగా పరీక్షించాలి. ఇలా జల్లెడ పడితే ఎక్కువ భాగం అభ్యర్థులు భాగహారం దాకా రాకుండానే పోతారు. గింప్స్ అనే ఉమ్మడి అన్వేషణలో (1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టాడు) ప్రతి ఘాతాంకానికీ మొదట జరిగేది ఈ జల్లెడే. చిన్న కారణాంకం దొరికిందంటే అసలు పరీక్ష ఖర్చు తప్పుతుంది.

ఆ అసలు పరీక్ష లూకాస్, లెహ్‌మర్ పేర్లతో ఉంది, బేసి ఘాతాంకాలకు పనిచేస్తుంది. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు చేయాలి. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 2⁷ − 1 = 127కి చేద్దాం, ఐదు మెట్లు. 4 నుంచి 14. 14 నుంచి 194, శేషం 67. 67 వర్గం 4489, రెండు తీస్తే 4487, శేషం 42. 42 నుంచి 1762, శేషం 111. 111 నుంచి 12319, శేషం 0. ఐదో మెట్టులో సున్నా, కాబట్టి 127 ప్రధానం.

శేషం కోసం 127తో భాగించనక్కర్లేదు. 128తో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ కలిపేస్తే చాలు. 4487లో 128 ముప్పై ఐదు సార్లు, మిగిలింది 7. కలిపితే 42. కంప్యూటరు సంఖ్యను ఒకట్లు సున్నాలుగా రాసుకుంటుంది కనుక 128తో భాగించడమంటే దానికి చివరి ఏడు స్థానాలు విడదీయడమే. భాగహారం కాస్తా కూడిక అయిపోయింది. అతిపెద్ద ప్రధాన సంఖ్యలు దాదాపు ఎప్పుడూ ఈ రూపంలోనే ఎందుకు దొరుకుతున్నాయంటే కారణం ఇదే. ప్రత్యేక రూపమేదీ లేని అంత పెద్ద సంఖ్యకు ఇంత చవకైన పరీక్ష లేదు.

2047కి తొమ్మిది మెట్లు చేస్తే వరస ఇలా వస్తుంది: 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా కాదు, కాబట్టి సంయుక్తం. గమనించండి, పరీక్ష విడిపోతుందని చెప్పింది గానీ 23, 89 అని చెప్పలేదు. లూకాస్‌కు 67 దగ్గర జరిగిందీ ఇదే.

పిల్లలు తడబడేది మెట్ల లెక్కలో. మొదటి 4ని కూడా ఒక మెట్టుగా లెక్కేసి ఒకటి ముందే ఆగిపోతారు. 127కి 111 దగ్గర ఆగి ‘సంయుక్తం’ అని రాస్తారు. మధ్యలో ఒక్క శేషం తప్పినా అంతే, ఆ తర్వాతివన్నీ చెత్తే. ఇందులో ఒక మోసం ఉంది: తప్పు లెక్కకు పొరపాటున సున్నా రావడం దాదాపు అసాధ్యం, కానీ నిజమైన ప్రధాన సంఖ్యను చప్పుడు లేకుండా జారవిడవడం చాలా తేలిక. ఎవరికీ అనుమానం కూడా రాదు.

కొత్త సంఖ్య దగ్గర ఈ భయం కోట్ల రెట్లు. 13,62,79,839 వర్గాలు చేయాలి, ప్రతిదీ నాలుగు కోట్ల అంకెల సంఖ్యకు. బడిలో నేర్పే పద్ధతిలో అయితే ఒక్క మెట్టుకే దాదాపు 17 కోట్ల కోట్ల అంకెల గుణకారాలు. అందుకని ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే పద్ధతిలో సంఖ్యను ముక్కలు చేసి, దశాంశ విలువలతో గుణించి, వచ్చిన ఫలితాలను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. సవరణలో లోపం అర దాకా పోయిందంటే పక్క పూర్ణాంకం పడుతుంది, లెక్క చెడుతుంది. వేడెక్కిన మెమరీ చిప్‌లో ఒక్క బిట్ తారుమారైనా ఇదే గతి. అందుకే ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఆ లోపాన్ని కొలుస్తూ ఉంటుంది. ప్రకటనకు ముందు వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు ప్రోగ్రాములతో మళ్ళీ చేసి చూస్తారు. ఈ సంఖ్యకు మొదటి సూచన 2024 అక్టోబర్ 11న డబ్లిన్‌లోని గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద వచ్చింది, మర్నాడు శాన్ ఆంటోనియోలోని ఇంకొకటి లూకాస్, లెహ్‌మర్ పరీక్షతో ధ్రువపరిచింది. వాటిని నడిపించింది ల్యూక్ డ్యూరాంట్. ఇన్నేళ్ళుగా మామూలు ప్రాసెసర్లే చేసిన పనిని గ్రాఫిక్స్ ప్రాసెసర్ చేసి గెలవడం ఇదే మొదలు.

మొదటి సూచన ఇచ్చిన పరీక్ష వేరు. సంఖ్య ప్రధానమైతే, 3ని దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి దాంతోనే భాగిస్తే శేషం 1 రావాలన్న ఫెర్మా సిద్ధాంతం మీద నిలిచింది. రెండుతో చేయరాదా? చేయరాదు. 2047 విడిపోయే సంఖ్య అయినా 2తో పరీక్షిస్తే నెగ్గేస్తుంది: 2¹¹ని 2047తో భాగిస్తే శేషం 1, 2046 = 11 × 186. ప్రధాన ఘాతాంకం నుంచి పుట్టిన మెర్సెన్ సంఖ్యలన్నీ 2 దగ్గర ఇలాగే బోల్తా కొట్టిస్తాయి.

మనుషులూ జారవిడుస్తారు లెండి. 2⁷⁴²⁰⁷²⁸¹ − 1 ప్రధానమని ఒక యంత్రం 2015 సెప్టెంబర్ 17నే కబురు పంపింది. ఆ కబురు ఎవరి కంటా పడలేదు. 2016 జనవరి 7న గానీ బయటపడలేదు, కనుగొన్న తేదీగా రికార్డులో ఉన్నది కూడా అదే.

ఈ కొత్త సంఖ్యను ‘52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య’ అని రాసేటప్పుడు ‘తెలిసినవాటిలో’ అన్న మాట చేర్చాలి. ‘అతిపెద్ద’ దగ్గరా అంతే. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు. ఆ నిరూపణను కూడా చార్టుల మీద తప్పుగా రాస్తున్నారు, ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలిపితే కొత్త ప్రధాన సంఖ్య వస్తుందని. 2 × 3 × 5 × 7 × 11 × 13 + 1 = 30031 = 59 × 509. కొత్త సంఖ్య ప్రధానం కానక్కర్లేదు, జాబితాలో లేని కారణాంకం దానికి ఉంటుంది, అంతే.

ఇలాంటి వార్తల చివర్లో ‘బ్యాంకు లావాదేవీల భద్రతకు ఇది ఎంతో ఉపయోగం’ అని ఒక వాక్యం తగిలిస్తుంటారు. అది తీసేయాలి. సందేశాలను రహస్యంగా పంపడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో 2048 బిట్ల తాళానికి 309 అంకెల ప్రధాన సంఖ్యలు రెండు కావాలి. ఆ పరిమాణంలో సగటున 710 సంఖ్యలకొకటి ప్రధానం. బేసి సంఖ్యలనే చూస్తే 355కి ఒకటి. కంప్యూటరు యాదృచ్ఛికంగా ఒకటి ఎంచుకుని పరీక్షించుకుంటూ పోతే సెకన్లలో దొరుకుతుంది. వాటికేం కరువు లేదు. రహస్యంగా ఉండడమే వాటి విలువ. లోకమంతా తెలిసిన సంఖ్యను తాళంలో పెడితే ఒక్క భాగహారంతో ఊడుతుంది. మెర్సెన్ సంఖ్యలు సంకేత విద్యలో అసలే లేవని కాదు. 2⁵²¹ − 1 ఒక ప్రామాణిక పద్ధతిలో వాడుకలో ఉంది, కానీ అక్కడ అది బహిరంగం, రహస్యం వేరే చోట ఉంటుంది. 157 అంకెల ఆ సంఖ్య 1952 నాటిది.

ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో ఇచ్చిన పద్ధతిని కూడా ఈ వార్తలతో కలిపేయకండి. ఎలాంటి సంఖ్యనైనా, అదృష్టం మీద ఆధారపడకుండా, అంకెల సంఖ్యకు బహుపది మేరలోనే ఉండే కాలంలో పరీక్షించవచ్చని వాళ్ళు నిరూపించారు. 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. అది సిద్ధాంతంలో మైలురాయి. రికార్డు సంఖ్యల వేటలో వాడరు. మెర్సెన్ రూపానికి ముందు చెప్పిన పరీక్ష చాలా వేగం.

కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బడులకు రెండు ముక్కలు. ఎక్సెల్ 15 అంకెల వరకే నమ్మకం. 2⁶⁷ − 1 అడిగి గడిని దశాంశాలు లేని ‘నంబర్’ ఫార్మాట్‌లోకి మారిస్తే 147573952589676000000 చూపిస్తుంది. అసలు సంఖ్య చివరి ఆరంకెలు 412927. ఆ సున్నాలు చూసి పదితో పోతుందని రాసుకోవద్దు. 2¹⁰²⁴ దగ్గర ఎక్సెల్ చేతులెత్తేస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ ఇబ్బంది లేదు, పూర్తి సంఖ్యను చిటికెలో కట్టేస్తుంది, 20 మెగాబైట్లు మించదు. కానీ తెరమీదికి రాయమంటే కొత్త వెర్షన్లు 4,300 అంకెలు దాటితే తప్పు చూపి ఆగిపోతాయి. ఆ హద్దు తీసేయవచ్చు గానీ, 3.12కి ముందటి వెర్షన్లలో నాలుగు కోట్ల అంకెలు దశాంశంలోకి మార్చేసరికి ల్యాబ్ పీరియడ్ అయిపోతుంది. కట్టడం తేలిక, రాయడం కష్టం. పౌ (pow) అనే ఫంక్షన్‌కు 2, 136279841, 1000 అని మూడు విలువలిస్తే వెంటనే 552 వస్తుంది. పైన పెన్సిలుతో చేసింది అదే.

ఇక కోరేది: ఘాతాంకాన్ని పైన, చిన్న అక్షరాల్లో వేయండి. మీ ఫాంటులో అది కుదరకపోతే ‘2కి 136279841వ ఘాతం, అందులోంచి 1’ అని మాటల్లో రాయండి. పక్కనే మొదటి ఆరంకెలు, చివరి మూడంకెలు ఇవ్వండి. విద్యా పేజీలో చోటుంటే పిల్లలకు ఈ లెక్క కూడా వేయండి: ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 3 వచ్చి, దాని రెట్టింపుకు ఒకటి కలిపితే వచ్చేదీ ప్రధాన సంఖ్యే అయితే, ఆ రెండోది తప్పకుండా కారణాంకం అవుతుంది (ఘాతాంకం 3 ఒక్కటే మినహాయింపు, అక్కడ 7 తానే ఆ సంఖ్య). 11కి 23 అలా వచ్చిందే. 23కి 47, అంటే 8388607 = 47 × 178481. 83కి, 131కి ఏం వస్తుందో వాళ్ళు రాసి పంపాలి. 136279841ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి దీనికి ఈ సూత్రం తగలదు.

ఇట్లు,
గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ